బూరుగు పూసిన వేళ మా కాలనీ పార్కు

శ్రీకాకుళంలో మా కాలనీ పార్కుకు ఏడాది పొడవునా వెళ్తుంటాను. కానీ శివరాత్రికి చలి వెళ్లిపోయి ఫాల్గుణం మొదలైన ఈ రెండు వారాలు మాత్రం ఎవరూ వదులుకోకూడదు. వెనక గోడ పక్కనున్న ముళ్ల బూరుగు చెట్టు పూసింది. కొమ్మల మీద ఒక్క ఆకు లేదు, అన్నీ ఎర్రటి పువ్వులే.

ఆదివారం ఆరున్నరకు నాన్నను, మా పాపను తీసుకెళ్లాను. ఎండ పై కొమ్మలకు తగలగానే గోరింకలు, కాకులు, ఉడతలు దిగిపోయాయి. ఆ పువ్వులో తేనె ఎక్కువ. అవి తాగుతూ కదిలిస్తుంటే పువ్వులు టప్ టప్‌మని రాలుతున్నాయి. ఒకటి చేతిలో పెట్టుకుని చూడండి. ఐదు దళసరి రేకులు, మధ్యలో కేసరాల కుచ్చు, అరచేతికి బరువు తెలుస్తుంది. రావి ఎర్ర చిగురు వేస్తోంది, మామిడి పూత వాసన గేటు దగ్గరికే వస్తోంది. అయినా నా కళ్లు బూరుగు మీదే ఉన్నాయి.

నడక దారి టైల్స్ మీద నలిగిన పువ్వులు జారుతాయి. నాన్న కాలు జారితే చెయ్యి పట్టుకున్నాను, చాలా టెన్షన్ పడ్డాను. పెద్దవాళ్లను మట్టి మీద నడిపించండి. కుళాయిలో నీళ్లు రాలేదు, సీసా తీసుకెళ్లండి. ఎనిమిది దాటాక ఎండుటాకులు ఓ మూల పోగేసి తగలబెట్టారు. పొగకు పిట్టలన్నీ లేచిపోయాయి. అది నాకు నిజంగా బాధేసింది. ఆ ఆకులు చెట్ల మొదళ్లకు వేస్తే ఎరువవుతాయి కదా!

నాన్న పుట్టింది ఖద్దరుకు పేరున్న పొందూరులో. మా నాన్నమ్మ వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, రాట్నం మీద సన్న నూలు వడికేది. ఆ కథలు విన్న పాప, "తాతా, ఈ చెట్టు దూదితో కూడా ఖద్దరు నేస్తారా?" అని అడిగింది.

"నూలుకు రాదమ్మా, జారిపోద్ది. దిండుకైతే దీన్ని మించింది లేదు" అన్నారు నాన్న. కాసేపు చెట్టు కేసి చూసి, "ఎండలు ముదిరి కాయలు పగిలినప్పుడు నన్ను మళ్లీ తీసుకురా అమ్మా. ఓ సంచి కూడా పట్టుకురా" అన్నారు.