సిటీ డాబా మీద ఎఫ్/2 టెలిస్కోపా, ఎఫ్/5 టెలిస్కోపా: ఏది మేలు?

ఆస్ట్రోఫోటోగ్రఫీ (రాత్రి ఆకాశాన్ని ఫోటో తీయడం) చేసేవాళ్ల మధ్య ఈ వాదన ఎప్పటికీ తెగదు. "సిటీలో ఆకాశం ఎలాగూ తెల్లగా ఉంటుంది, అక్కడ ఎఫ్/2 పెడితే అర నిమిషంలో ఫ్రేమంతా తెల్లబడిపోతుంది, డబ్బు దండగ" అంటారు కొందరు. "లైట్ పొల్యూషన్‌కి అసలు మందే ఫాస్ట్ టెలిస్కోప్" అంటారు ఇంకొందరు. రెండు మాటల్లోనూ సగం సగమే నిజం ఉంది. హైదరాబాద్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ పైన ట్రైపాడ్ పెట్టుకునే మనిషికి ఏది పనికొస్తుందో లెక్క వేసి చూద్దాం.

ఫోకల్ లెంగ్త్‌ను (లోపలికొచ్చిన కాంతి ఒక చోట చేరడానికి పట్టే దూరం) అపర్చర్‌తో (కాంతి లోపలికొచ్చే ద్వారం వెడల్పు) భాగిస్తే వచ్చేది ఎఫ్ నంబర్. అది ఎంత చిన్నదైతే టెలిస్కోప్ అంత ఫాస్ట్. పోలిక న్యాయంగా ఉండాలంటే ఫోకల్ లెంగ్త్ సమానంగా ఉన్న రెండింటిని తీసుకోవాలి. సెలెస్ట్రాన్ రాసా 8కి అపర్చర్ 203 మి.మీ., ఫోకల్ లెంగ్త్ 400 మి.మీ., అంటే ఎఫ్/2. స్కై-వాచర్ ఎస్‌ప్రిట్ 80కి లెన్సు 80 మి.మీ., ఫోకల్ లెంగ్త్ అదే 400 మి.మీ., అంటే ఎఫ్/5. ఒకే ఏపీఎస్-సీ కెమెరాను దీనికీ దానికీ తగిలిస్తే ఫ్రేములో పట్టే ఆకాశం ఒకటే, అటు ఇటుగా 3.3 × 2.2 డిగ్రీలు. ఆండ్రోమెడా గెలాక్సీ మొత్తంగా పట్టేస్తుంది. కాబట్టి తేడా అంతా ఎంత వెలుతురు పోగవుతుందనే దాంట్లోనే ఉంది.

ఎఫ్ నంబర్ల లెక్కన ఆ తేడా 6.25 రెట్లు. కానీ రాసాలో కెమెరా వెనక ఉండదు, ముందువైపు గాజుపలక మధ్యలో కూర్చుంటుంది. ఆ భాగం 93 మి.మీ. వ్యాసం మేర దారికి అడ్డం. ఆ వైశాల్యం తీసేస్తే మిగిలేది సుమారు 5 రెట్లు. ఇక మీదట మనం పట్టుకోవాల్సిన అంకె ఇదే.

ఈ ఐదు రెట్లు సిటీలో పనికొస్తాయా? నెబ్యులా (అంతరిక్షంలో వెలిగే వాయు మేఘం) నుంచి వచ్చిన ఫోటాన్, అంటే కాంతి కణం, ఏదో, వీధి దీపం నుంచి పైకి పోయి దుమ్మును తాకి తిరిగొచ్చిన ఫోటాన్ ఏదో టెలిస్కోప్‌కి తెలియదు. నెబ్యులా వెలుతురు ఐదు రెట్లయితే ఆకాశం తెలుపూ ఐదు రెట్లవుతుంది. వాటి నిష్పత్తి ఇసుమంత కూడా మారదు. ఫాస్ట్ టెలిస్కోప్ లైట్ పొల్యూషన్‌కి మందు కాదనేది ఇందుకే. అయితే నాయిస్ (ఫోటోలో కనిపించే గరుకు) మాత్రం వర్గమూలం లెక్కన పెరుగుతుంది, అంటే 2.24 రెట్లే. సిగ్నల్ ఐదు రెట్లు, నాయిస్ రెండు చిల్లర. అందువల్ల ఎఫ్/5తో ఐదు గంటలు తీస్తే వచ్చే నాణ్యత ఎఫ్/2తో గంటలో వస్తుంది. ఇది అడవిలో ఎంత నిజమో అమీర్‌పేటలోనూ అంతే నిజం.

ఫ్రేమ్ తెల్లబడిపోవడం అసలు సమస్యే కాదు. ఎక్స్‌పోజర్ తగ్గిస్తే సరి. సోనీ ఐఎంఎక్స్571 లాంటి ఇప్పటి సెన్సర్లలో రీడ్ నాయిస్ (ఒక్కో ఫ్రేమ్ చదివేటప్పుడు కెమెరా తానే కలిపే గరుకు) చాలా తక్కువ, కాబట్టి ఫిల్టర్ లేకుండా సిటీలో ఎఫ్/2కి 15 సెకన్లు చాలు, ఎఫ్/5కి ఒకటి రెండు నిమిషాలు చాలు. అంతకంటే పొడిగిస్తే ఒరిగేది లేదు, నక్షత్రాల రంగులు మాడిపోవడం తప్ప. చిన్న ఎక్స్‌పోజర్లతో ఒక లాభం కూడా ఉంది. మౌంట్ కాస్త అటూ ఇటూ ఊగినా, డాబా మీద ఎవరో నడిచినా, పాడయ్యేది 15 సెకన్ల ముక్క మాత్రమే. దీనికి మూల్యం హార్డ్ డిస్క్ చెల్లిస్తుంది. 26 మెగాపిక్సెల్ కెమెరా ఒక్కో ఫ్రేమ్ 52 ఎంబీ. గంటకు 240 ఫ్రేములు, పన్నెండున్నర జీబీ. పాత ల్యాప్‌టాప్‌లో స్టాకింగ్ (ఆ ఫ్రేములన్నిటినీ కలిపి ఒకే ఫోటో చేయడం) మొదలుపెట్టి పడుకుంటే తెల్లారేదాకా ఫ్యాన్ మోగుతూనే ఉంటుంది.

అంటే ఎఫ్/2తో మనం కొనేది సమయం. తెలుగు రాష్ట్రాల్లో అది చిన్న సరుకేం కాదు. జూన్ నుంచి అక్టోబర్ దాకా వానలు, మబ్బులు. మిగిలిన నెలల్లో సగం రోజులు చంద్రుడు. మిగిలిన వాటిలో శనివారం రాత్రులు ఎన్ని, మర్నాడు ఆఫీసు లేని రాత్రులు ఎన్ని? ఐదు గంటల డేటా కావాలంటే ఎఫ్/5 వాళ్లకు రెండు రాత్రులు పడుతుంది. ఎఫ్/2 వాళ్లు భోంచేసి పైకెక్కి, గంటన్నరలో దిగొచ్చేస్తారు. రాసా గొప్పతనమంతా ఇక్కడే ఉంది.

ఇప్పుడు మూడో ఆప్షన్‌ని పక్కన నిలబెడదాం, అది పెట్రోలు. సిటీ నడిబొడ్డున ఆకాశం చదరపు ఆర్క్‌సెకనుకి 18 మాగ్నిట్యూడ్ ప్రాంతంలో ఉంటుంది (మాగ్నిట్యూడ్ వెలుగుకి కొలత, అంకె పెరిగేకొద్దీ చీకటి; ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). మంచి పల్లె ఆకాశం 21 అనుకుందాం. మూడు మాగ్నిట్యూడ్ల తేడా అంటే ఆకాశం తెలుపు 16 రెట్లు తగ్గినట్టు. మసక వస్తువులకు కావలసిన సమయమూ దాదాపు అంతే తగ్గుతుంది. టెలిస్కోప్ మార్చితే 5 రెట్లు, ఊరు మారితే 16 రెట్లు. ఎఫ్/5 చేతబట్టుకుని చీకట్లోకి వెళ్లినవాడు, డాబా మీద ఎఫ్/2 పెట్టుకున్నవాడి కంటే మూడింతలు ముందుంటాడు. శ్రీశైలం దారి పట్టి నల్లమల వైపు వెళ్లాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలు వదలరు. ఈవలి పక్కనే తెలిసినవాళ్ల పొలమో, ఫామ్‌హౌస్ పైకప్పో చూసుకోవాలి.

నాలుగో ఆటగాడు ఫిల్టర్. కథ అసలు మలుపు తిరిగేది ఇక్కడే. వీధి దీపాలు సోడియం పసుపు నుంచి తెల్ల ఎల్‌ఈడీకి మారాక పాత సీఎల్‌ఎస్ రకం లైట్ పొల్యూషన్ ఫిల్టర్లు సగం చచ్చుబడ్డాయి. హుద్‌హుద్ తర్వాత విశాఖ మారింది, ఆ వెనకే హైదరాబాద్ మారింది. సోడియం కాంతి ఇరుకు గీతల్లో ఉండేది, వాటిని కోసేస్తే పనైపోయేది. ఎల్‌ఈడీ కాంతి స్పెక్ట్రమ్ అంతటా పరుచుకుని ఉంటుంది. అందుకే ఇప్పుడు పనిచేసేది నారోబ్యాండ్ ఒక్కటే: 656.3 నానోమీటర్ల దగ్గర హైడ్రోజన్ ఆల్ఫా, 500.7 దగ్గర ఆక్సిజన్. ఈ రెండు ఇరుకు పట్టీలే వదిలి మిగతా అంతా ఆపేసే డ్యూయల్-బ్యాండ్ ఫిల్టర్ కలర్ కెమెరాకి పెడితే రోజెట్, నార్త్ అమెరికా, కాలిఫోర్నియా నెబ్యులాలు డాబా మీద నుంచే వచ్చేస్తాయి. సంక్రాంతి రోజుల్లో రాత్రి పదకొండు దాటాక రోజెట్ మనకు నడినెత్తికి దగ్గరగా ఉంటుంది. అక్కడ సిటీ పొగ కూడా తక్కువ అడ్డం.

కానీ ఈ ఫిల్టర్లకూ ఎఫ్/2కీ పడదు. ఫిల్టర్ మీద కాంతి నిటారుగా పడితేనే దాని మీద రాసిన నానోమీటర్లు నిజం. ఏటవాలుగా పడితే అది వదిలే పట్టీ నీలం వైపు జరిగిపోతుంది. ఎఫ్/5లో అంచు కిరణాలు ఆరు డిగ్రీల లోపు వంపుతో వస్తాయి, హైడ్రోజన్ ఆల్ఫా దగ్గర పట్టీ ఒక నానోమీటర్ లోపే జరుగుతుంది. ఎఫ్/2లో వంపు 14 డిగ్రీలు, జరగడం ఐదు నానోమీటర్ల దాకా వెళ్తుంది. మామూలు 3 నానోమీటర్ల ఫిల్టర్‌ను రాసాకి తగిలిస్తే, అద్దం అంచుల నుంచి వచ్చే హైడ్రోజన్ కాంతిని ఆ ఫిల్టరే ఆపేస్తుంది. ఎక్కువ వైశాల్యం ఉండేది అంచు వలయంలోనే. డబ్బు పోసి పెద్ద అద్దం కొని, దాన్ని మన చేత్తో మనమే మూసుకున్నట్టు.

దీనికి దారి ఉంది. పట్టీని ముందే జరిపి, ఎఫ్/2 కోసమే చేసిన ఫిల్టర్లు దొరుకుతాయి: ఆప్టోలాంగ్ ఎల్-ఎక్స్‌ట్రీమ్ ఎఫ్2, బాడర్ ఎఫ్/2 హైస్పీడ్ రకాలు. వీటిలో చాలావాటి పట్టీ వెడల్పు ఎక్కువ. ఎఫ్/5 పక్కన 3 నానోమీటర్ల ఫిల్టర్, ఎఫ్/2 పక్కన 7 నానోమీటర్లది పెట్టి లెక్కేయండి. రాసాలోకి ఆకాశం తెలుపు అదనంగా రెండింతలకు పైగా వస్తుంది, అప్పుడు ఐదు రెట్ల ఆధిక్యం రెండింతలకు కాస్త పైన ఆగిపోతుంది. రాసా కొనేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి, ఎందుకంటే ఇరుకు పట్టీ ఎఫ్/2 ఫిల్టర్లకు మళ్లీ వేరే బడ్జెట్ కావాలి. ఎఫ్/5 వైపున ఉన్న ఇబ్బంది కూడా చెప్పాలి. 3 నానోమీటర్ల పట్టీలో వచ్చే వెలుతురు మరీ తక్కువ కాబట్టి ఒక్కో ఎక్స్‌పోజర్ మూడు నుంచి ఐదు నిమిషాలు ఉండాలి. అంటే గైడింగ్ (ఒక నక్షత్రాన్ని చూస్తూ మౌంట్ కదలికను సరిచేస్తూ ఉండటం) తప్పనిసరి, దానికి పోలార్ అలైన్‌మెంట్ (మౌంట్ అక్షాన్ని ఆకాశ ధ్రువం వైపు తిప్పి పెట్టడం) బాగుండాలి. మనకు ధ్రువ నక్షత్రం పదిహేడు డిగ్రీల ఎత్తులో మాత్రమే ఉంటుంది, సరిగ్గా అక్కడే పక్క బిల్డింగ్ వాటర్ ట్యాంక్ ఉంటుంది. ప్లేట్ సాల్వింగ్‌తో (ఫోటోలోని నక్షత్రాలను బట్టి టెలిస్కోప్ ఎటు చూస్తోందో కనిపెట్టడం) ధ్రువ నక్షత్రం కనపడకుండానే అలైన్ చేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కాబట్టి గండం గట్టెక్కుతోంది.

ఇక వాడకంలో రాసా పెట్టే టెన్షన్ సంగతి. ఫోకస్ ఎంత కచ్చితంగా ఉండాలనేది ఎఫ్ నంబర్ వర్గాన్ని బట్టి ఉంటుంది. ఎఫ్/5కి వెసులుబాటు 67 మైక్రాన్లు, ఇంచుమించు ఒక వెంట్రుక మందం. ఎఫ్/2కి 11 మైక్రాన్లు. డిసెంబర్ రాత్రి ఎనిమిదింటికీ పన్నెండింటికీ మధ్య ఉష్ణోగ్రత ఐదు డిగ్రీలు పడిపోయిందనుకోండి. 400 మి.మీ. అల్యూమినియం గొట్టం 46 మైక్రాన్లు కుంచించుకుపోతుంది. ఎఫ్/5లో అది వెసులుబాటు లోపలే ఉంది, రాసాలో ఫోకస్ ఎప్పుడో దాటిపోయింది. మోటార్ ఫోకసర్ పెట్టి, డిగ్రీకి ఒకసారి ఫోకస్ సరిచూసుకోక తప్పదు. సెన్సర్ ఒక పక్కకు ఏమాత్రం వాలినా ఒక మూల నక్షత్రాలు గుండ్రంగా, ఎదురు మూలవి గుడ్ల ఆకారంలో వస్తాయి. దాన్ని సరిచేయడానికి చిన్న స్క్రూలు తిప్పుతూ, ఫోటో తీస్తూ, మళ్లీ తిప్పుతూ ఓ రాత్రి పోతుంది.

ముందు గాజుపలక నేరుగా ఆకాశానికి ఎదురుగా ఉంటుంది కాబట్టి మంచు త్వరగా పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో అయితే గాజును వెచ్చగా ఉంచే డ్యూ హీటర్ లేకుండా మొదలుపెట్టడమే వృథా. పొడవాటి డ్యూ షీల్డ్ కూడా కావాలి, అది ఎదురింటి బాల్కనీ ట్యూబ్‌లైట్‌ని కూడా ఆపుతుంది. కెమెరా వైర్లు ఆ గాజు ముందు నుంచే వెళ్తాయి, వాటిని ఎలా వంచుతామో దాన్ని బట్టి పెద్ద నక్షత్రాల చుట్టూ గీతలు వస్తాయి. పాత డీఎస్‌ఎల్‌ఆర్ ఉంది కదా, దాన్నే వాడుకుందాం అనుకుంటే రాసా 8కి అది కుదరదు, ఆ కెమెరాకి కావలసినంత దూరం అక్కడ లేదు. మిర్రర్‌లెస్సో, ఆస్ట్రో కెమెరాయో ఉండాలి. కంటితో చూడటమూ కుదరదు, ఐపీస్ పెట్టే చోటే లేదు. డాబా మీద టెలిస్కోప్ కనపడగానే పక్క ఫ్లాట్ పిల్లలు "అంకుల్, శని వలయాలు చూపించరూ" అని ఎక్కేస్తారు. ఎస్‌ప్రిట్‌తో చూపించొచ్చు. రాసాతో ల్యాప్‌టాప్ స్క్రీన్ చూపించాలి, వాళ్ల మొహాలు వెంటనే వాడిపోతాయి.

మిగతా ఆప్షన్లు క్లుప్తంగా. ఎఫ్/2 రుచి చూడాలనుకుంటే సామ్‌యాంగ్ 135 మి.మీ. ఎఫ్/2 లెన్సు చవకైన దారి, కానీ అపర్చర్ 67 మి.మీ. మాత్రమే, ఆకాశం చాలా వెడల్పుగా వస్తుంది. ఎనిమిది అంగుళాల ఎఫ్/4 న్యూటోనియన్ (అద్దంతో పనిచేసే టెలిస్కోప్) 800 మి.మీ. ఫోకల్ లెంగ్త్‌తో చిన్న గెలాక్సీలకు బాగుంటుంది, అంచుల్లో తోకలు తిరిగే నక్షత్రాలను సరిచేసే కోమా కరెక్టర్ కావాలి, పెద్ద గొట్టం గాలికి ఊగుతుంది. అసలు ఈ హాబీ మనకు సరిపడుతుందో లేదో తెలియనివాళ్లు సీస్టార్ ఎస్50 లాంటి స్మార్ట్ టెలిస్కోప్‌తో మొదలుపెట్టడమే ఉత్తమం. అది 50 మి.మీ. ఎఫ్/5, డ్యూయల్-బ్యాండ్ ఫిల్టర్ లోపలే ఉంటుంది.

మరి ఏది కొనాలి? మొదటి సీరియస్ టెలిస్కోప్ అయితే నా ఓటు ఎఫ్/5కే. దానికి 3 నానోమీటర్ల డ్యూయల్-బ్యాండ్ ఫిల్టర్ జోడిస్తే సిటీలో నెబ్యులాలకు లోటుండదు, వీలైనప్పుడు బ్యాగులో వేసుకుని ఊరు దాటొచ్చు. చిన్న పిల్లలున్న ఇల్లు, షిఫ్టు ఉద్యోగం, ఊరు దాటే అవకాశమే లేదు, దొరికేది వారంలో రెండు గంటలు, పైగా స్క్రూలు, ఫోకస్ మోటార్లు అంటే విసుగు లేదు అనుకుంటే రాసా. అప్పుడు టెలిస్కోప్‌తో పాటే ఎఫ్/2 ఫిల్టర్, ఫోకస్ మోటార్, డ్యూ హీటర్ ధరలు కలిపి చూసుకోండి, టెలిస్కోప్ ధర ఒక్కటీ చూసి బుక్ చేయకండి.

గెలాక్సీల పిచ్చి ఉన్నవాళ్లకు మాత్రం ఈ రెండూ జవాబు కావు. గెలాక్సీ కాంతి ఎల్‌ఈడీలాగే స్పెక్ట్రమ్ అంతటా పరుచుకుని ఉంటుంది, నారోబ్యాండ్ అక్కడ చేతులెత్తేస్తుంది. పైగా ఎం51 గెలాక్సీ లాంటిది పదకొండు ఆర్క్‌నిమిషాలే (ఆర్క్‌నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు), 400 మి.మీ. ఫోకల్ లెంగ్త్‌లో 6,248 పిక్సెళ్ల వెడల్పు ఫ్రేములో 340 పిక్సెళ్లు ఆక్రమిస్తుంది. వాళ్లు ఉన్న టెలిస్కోప్‌నే ఉంచుకుని, ఆ డబ్బుతో మార్చి, ఏప్రిల్ అమావాస్యలకు కారు ట్యాంకు నింపుకోవడం మేలు.