నెల్లూరులో మా పాత కాంప్లెక్స్: పైన లాడ్జీ, కింద ఫాల్ కుట్టే భాయ్

మొన్న కార్తీకం చివర్లో మా పెద్దమ్మ మనవరాలి పెళ్లికని నెల్లూరు వెళ్లొచ్చాం. అమ్మ, నేను, పదో తరగతి చదివే మా అమ్మాయి. రాత్రి సికింద్రాబాద్‌లో సింహపురి ఎక్కి పొద్దున్నే నెల్లూరులో దిగాం. ప్రయాణం హాయిగా జరిగింది. కోవూరులో పెళ్లి కూడా బాగా జరిగింది. నేను రాయాలనుకున్నది ఆ రెండింటి గురించి కాదు. మేము దిగిన లాడ్జీ గురించి, ఆ లాడ్జీ ఉన్న మా పాత షాపింగ్ కాంప్లెక్స్ గురించి.

పెళ్లివారు కోవూరులోనే రూములు ఇస్తామన్నారు. అమ్మే వద్దంది. నాన్న పోయాక ఆమె హైదరాబాద్‌లో నా దగ్గరే ఉంటోంది, నెల్లూరు వచ్చి ఆరేళ్లయింది. "ఒక్క రోజైనా మన కాంప్లెక్స్‌లో తిరగాలే" అని రైలెక్కే ముందు నుంచీ అంటోంది. ట్రంక్ రోడ్డుకు దగ్గర్లో ఉండే ఆ కాంప్లెక్స్ పైఅంతస్తులో ఇప్పుడొక లాడ్జీ ఉందని ఫోన్‌లో చూసి రూము బుక్ చేశాను. ఏసీ రూము 1,700, ట్యాక్స్ కలిపే, డబ్బు అక్కడే కట్టొచ్చు, 24 గంటల చెక్అవుట్ అని రాసి ఉంది. ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను. అదే తర్వాత పనికొచ్చింది.

స్టేషన్ నుంచి ఆటోకి 80 ఇచ్చి 7:40కి అక్కడికి చేరాం. లిఫ్టుకు తాడు కట్టి ఉంది. రిసెప్షన్ నాలుగో అంతస్తులో. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఒక్కో అంతస్తు దగ్గర ఆగి ఆగి ఎక్కింది. నేను బ్యాగులు, అమ్మాయి అమ్మ చెయ్యి పట్టుకున్నాం. పైకి వెళ్లి లిఫ్టు సంగతి ఎందుకు చెప్పలేదని అడిగితే కౌంటర్‌లో ఉన్నతను తలెత్తకుండానే, "పెద్దావిడ ఎక్కలేదంటే మీరే ముందు చెప్పాల మేడం" అన్నాడు. ఆ మాటకు అమ్మ ఏమీ అనలేదు. కుర్చీలో కూర్చుని చీర కొంగుతో మొహం తుడుచుకుంది. నాకు ఇప్పటికీ ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది.

తర్వాత మొదలైంది లెక్క. చెక్ఇన్ 12 గంటలకట, ఇప్పుడే రూము కావాలంటే సగం అద్దె అదనం, 850. అతని వెనక గోడ మీదే "24 గంటల చెక్అవుట్" అని ఎర్ర పెయింటుతో రాసి ఉంది, చూపించాను. "అది పాత బోర్డు" అన్నాడు. అదనపు పరుపు 400. ఇది న్యాయమే, ఒప్పుకున్నాను. గీజర్ పనిచెయ్యలేదు. వేడినీళ్లు బకెట్‌కి 30 చొప్పున కుర్రాడు తెచ్చిపెట్టాడు, మూడు బకెట్లకు 90. పాపం ఆ కుర్రాడు మాత్రం మంచివాడు, నాలుగు అంతస్తులూ మోసుకొచ్చాడు, ఇంకో 20 చేతిలో పెట్టాను. దుప్పటి మార్చమని రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

మర్నాడు ఖాళీ చేసేటప్పుడు ఇచ్చింది తెల్ల కాగితం ముక్క: 1,700, 850, 400, కలిపి 2,950. దాని మీద 12 శాతం ట్యాక్స్ 354. మొత్తం 3,304. నేను ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను కాబట్టి ఆ 12 దగ్గర ఆగాను. 7,500 వరకు ఉన్న రూములకు జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతమే. పైగా బుకింగ్ రేటులోనే ట్యాక్స్ కలిసి ఉంది. కాగితం మీద జీఎస్టీ నంబరు లేదు. నంబరు లేనివాడికి ట్యాక్స్ వసూలు చేసే హక్కు ఎక్కడిది? "ఓనర్ ఊళ్లో లేడు, నాకేం తెలియదు" అన్నది ఒక్కటే జవాబు. ముప్పావుగంట వాదించాను. అమ్మ "పోనీలే తల్లీ, రైలు టైమవుతుంది" అని కొంగు పట్టి లాగింది. కట్టేశాను. కాగితం ముక్క, స్క్రీన్‌షాట్ రెండూ దగ్గర పెట్టుకుని రైల్లోంచే 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. నెల్లూరులో దిగేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. చెక్అవుట్ 24 గంటలా, పగలు 12 గంటలకా అన్నది బ్యాగు కింద పెట్టకముందే అడగండి. లిఫ్టు ఉందా అని కాదు, ఇవాళ పనిచేస్తోందా అని అడగండి. జీఎస్టీ నంబరు లేని బిల్లు మీద ట్యాక్స్ కట్టకండి.

ఇక కాంప్లెక్స్ సంగతి. నేను డి.కె.డబ్ల్యూ. మహిళా కాలేజీలో డిగ్రీ చేరింది 2000లో. అప్పటికి ఈ కాంప్లెక్స్ కట్టి ఏడాదో రెండేళ్లో. అంతకుముందు మా ఇంట్లో పెళ్లి బట్టలంటే మద్రాసే. 175 కిలోమీటర్లు, తెల్లవారుజామున రైలు, టీ నగర్‌లో రోజంతా నడక, రాత్రికి మూటలతో తిరిగి రావడం. ఈ కాంప్లెక్స్ వచ్చాక నాన్న "ఇంక మద్రాసు పోయే పనేముంది" అని ఎంత గొప్పగా అన్నాడో. నేను జీవితంలో మొదటిసారి ఎస్కలేటర్ ఎక్కింది ఇక్కడే. అమ్మ కుచ్చిళ్లు రెండు చేతులతో ఎత్తిపట్టుకుని, ముందు అడుగు వెయ్యలేక, వెనకవాళ్లకు దారి ఇస్తూ పది నిమిషాలు నిలబడింది. చివరికి నాన్న చెయ్యి పట్టుకుని లాగాడు. ఫస్ట్ ఫ్లోర్‌లో గ్రీటింగ్ కార్డుల షాపు, పక్కన క్యాసెట్ల షాపు, ఆ పైన ఐస్‌క్రీమ్. డిసెంబర్ ఆఖరి వారం మేం ఐదుగురు స్నేహితురాళ్లం కాలేజీ నుంచి నేరుగా వచ్చి, ఒక్కొక్క కార్డు తీసి చదివి మళ్లీ పెట్టేసి, సాయంత్రానికి తలా రెండు కొనేవాళ్లం. షాపాయన ఒక్కనాడూ విసుక్కోలేదు. నా పెళ్లి చీరలన్నీ ఇక్కడే, కింద ఫ్లోర్‌లోనే కొన్నారు.

ఇప్పుడు ఆ ఎస్కలేటర్ ఆగిపోయి మెట్లలాగా మిగిలింది. ఆగిన ఎస్కలేటర్ ఎక్కితే తెలుస్తుంది, మొదటి రెండు మూడు మెట్లు, చివరి రెండు మూడు మెట్లు ఎత్తు తక్కువ, మధ్యవి ఎక్కువ. కాలు ఒక లెక్కలో పడుతుంటే మెట్టు ఇంకో లెక్కలో ఉంటుంది. అమ్మ తూలింది, అమ్మాయి పట్టుకుంది. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఇరవై రెండు షట్టర్లు లెక్కపెట్టాను, తెరిచినవి తొమ్మిది. ఫస్ట్ ఫ్లోర్‌లో మూడే: ఒక జిరాక్స్, ఒక ఉద్యోగాల కన్సల్టెన్సీ, ఒకటి ఎవరిదో గోడౌన్. నవంబరు వానలు కదా, మధ్యలో గాజు కప్పులోంచి నీళ్లు కారుతుంటే కింద నాలుగు ప్లాస్టిక్ బకెట్లు పెట్టారు. క్యాసెట్ల షాపు షట్టర్ మీద ఇంకా ఒక హీరో స్టిక్కర్ సగం చిరిగి ఉంది. అమ్మ అక్కడ నిలబడి "ఇక్కడే గదా నువ్వు గంటలు గంటలు ఉండేదానివి" అంది.

అందరూ చెప్పేది ఎంజీబీ మాల్ వచ్చింది, ఫోన్లలో కొనడం వచ్చింది, అందుకే ఇది పోయింది అని. నేను ఒప్పుకోను. ట్రంక్ రోడ్డులో జనం తగ్గలేదు. చిన్నబజారు సందుల్లో ఆ రోజు కూడా భుజం భుజం రాసుకుంటూ నడిచాం. ఏసీ లేదు, పార్కింగ్ లేదు, అయినా కిటకిటలాడుతోంది. కింద మ్యాచింగ్ సెంటర్ ఆయన మాకు ఇరవై ఏళ్లుగా తెలుసు, ఆయన చెప్పిన మాట నాకు సబబుగా తోచింది. బిల్డర్ కట్టినప్పుడే ఒక్కో షాపూ ఒక్కొక్కరికి అమ్మేశాడు. షాపు ఎవరిది వాళ్లదే. మరి లిఫ్టు ఎవరిది, ఎస్కలేటర్ ఎవరిది, గాజు కప్పు ఎవరిది? మొదట్లో అసోసియేషన్ పెట్టుకుని నెలనెలా మెయింటెనెన్స్ వేసుకున్నారు. కొందరు ఓనర్లు బెంగళూరు వెళ్లారు, కొందరు అమెరికా. షాపు మూసిన వాళ్లు కట్టడం మానేశారు. తెరిచిన వాళ్లు "వాళ్ల భాగం మేమెందుకు కట్టాల" అన్నారు. లిఫ్టు ఆగింది, ఏసీ ఆగింది, జనం రావడం తగ్గింది, ఇంకో నలుగురు మూశారు. "కొత్త మాల్‌లో ఓనర్ ఒకడే అమ్మా, షాపులన్నీ అద్దెకే. లైటు పోతే ఆయనే వేయిస్తాడు. మా దగ్గర లైటు పోతే మీటింగ్ పెట్టాల" అన్నాడాయన. నాన్న కూడా అప్పట్లో ఇక్కడొక చిన్న షాపు కొందామని చాలా ఆశపడ్డాడు, డబ్బు చాలక ఆగాడు. అమ్మ ఆ సంగతి గుర్తుచేసుకుని చాలాసేపు మాట్లాడలేదు.

సాయంత్రం మా అమ్మాయి పోరు పడలేక ఎంజీబీకి తీసుకెళ్లాను. శుభ్రంగా ఉంది, బాత్రూములు బాగున్నాయి, అమ్మకు కూర్చోడానికి చోటు దొరికింది, ఎస్కలేటర్ తిరుగుతోంది. పిల్లతో వెళ్లేవాళ్లకు హాయి. అక్కడి నుంచి రైల్వే లైనుకు అవతల ఉన్న మా పిన్నమ్మ ఇంటికి వెళ్లాలంటే అండర్ బ్రిడ్జిలో వాననీళ్లు నిలిచాయని ఆటో చుట్టూ తిప్పి 150 తీసుకున్నాడు. కార్తీకం కాబట్టి చేపల పులుసు ఊసే లేదు. అమ్మాయి మొహం మాడ్చుకుంటే పిన్నమ్మ కారం పూసిన పుల్లట్లు నాలుగు వేసి సర్దిచెప్పింది.

ఇదంతా రాయడానికి అసలు కారణం మాత్రం సెల్లార్‌లో ఉన్న భాయ్. అమ్మ పెళ్లికి కట్టుకోవాలనుకున్న వెంకటగిరి కాటన్ చీరకు ఫాల్ లేదు. హైదరాబాద్‌లో మా వీధిలో 200 అడిగి నాలుగు రోజులు పడుతుందన్నారు. "భాయ్ ఉంటే గంటలో ఇస్తాడు" అని పెట్టెలో అలాగే పెట్టుకొచ్చింది. పొద్దున పదకొండింటికి దిగి చూస్తే మెట్ల కింద అదే మూల, అదే మిషను, భాయ్ గడ్డం మాత్రం తెల్లబడింది. చీర చూడగానే "ఫాల్ తడిపిందేనా అమ్మా?" అని అడిగాడు. అమ్మ తెచ్చింది కొత్తది. పక్కన పెట్టేసి, తన దగ్గర తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేసి ఉంచిన వాటిల్లోంచి ఒకటి తీశాడు. తడపని ఫాల్ కుడితే మొదటి ఉతుకులోనే అది కుంచించుకుపోయి చీర అంచు ముడతలు పడుతుంది.

తర్వాత మూడు దారపు ఉండలు, చీర అంచు పట్టుకుని మెట్లెక్కి బయట గుమ్మం దాకా నడిచాడు. ట్యూబ్‌లైటు కింద రంగు మోసం చేస్తుందట. వాన మబ్బు వెలుతురులో ఒక్కో దారమూ అంచు మీద పరిచి చూసి, నాకు మూడూ ఒకేలా కనబడిన వాటిలోంచి ఒకటి ఎంచాడు. లోపలి చెంగు నుంచి జానెడు వదిలి ఫాల్ పరిచాడు. కింది అంచు మిషను మీద, పై అంచు చేత్తో. సూది చీరలోంచి ఒక్క పోగు మాత్రమే ఎత్తుకుని ఫాల్‌లోకి దిగుతుంది. మా అమ్మాయి ఫోను జేబులో పెట్టేసి, పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. చీర పైకి తిప్పి చూసి "అమ్మమ్మా, కుట్టు ఎక్కడుందో కనబడట్లేదు" అంది. భాయ్ నవ్వి సూది దాని చేతికిచ్చి నాలుగు కుట్లు వేయించాడు. తర్వాత ఊడదీసి మళ్లీ తనే వేశాడు.

గంటా పది నిమిషాలు పట్టింది. ఫాల్, పీకో కలిపి 120. నేను 200 ఇస్తే 80 తిరిగిచ్చాడు, వద్దంటే వినలేదు. మధ్యలో టీ కూడా తెప్పించాడు. ఆ రోజు మేం నెల్లూరులో పెట్టిన ఖర్చంతటిలో మనసుకు తృప్తినిచ్చింది ఆ 120 ఒక్కటే.

మీరు వెళ్తే పొద్దున 11 దాటాక వెళ్లండి, శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు వెళ్తాడు కాబట్టి మూడింటి తర్వాతే దొరుకుతాడు. అమ్మ తెచ్చిన రెండో చీర వంగపండు రంగుది. దానికి సరిపోయే దారం ఆయన దగ్గర లేదు. చిన్నబజారులో వెతికి తెస్తానన్నాడు. వేరేది వేసేయమని నేనన్నా అమ్మ ఒప్పుకోలేదు, ఆయనా ఒప్పుకోలేదు. చీర అక్కడే వదిలి వచ్చాం. పాత క్యాలెండర్ కాగితం వెనక చీర రంగు రాసి, సంక్రాంతి లోపు అని కింద గీత గీసి ఇచ్చాడు. అమ్మ దాన్ని పర్సులో నాన్న ఫోటో వెనక పెట్టుకుంది.