చీరలకు నాలుగు మార్కులు, బిల్లు కౌంటర్‌కు ఒకటి

తిరుపతిలో గాంధీ రోడ్డు వైపు ఒక బట్టల షాపు. పేరు రాయడం లేదు, ఈ తంతు ఇంకా చాలా చోట్ల చూశాను కాబట్టి ఒక్కళ్లనే తిట్టి లాభం లేదు. తమ్ముడి పెళ్లికి పట్టుచీరలు, పంచెలు తీసుకుందామని పోయిన ఆదివారం వెళ్లాం. నేను, అమెరికా నుంచి వచ్చిన మా చిన్నక్క, ముందురోజే కొండమీద తలనీలాలు ఇచ్చి గుండుకి గంధం పూసుకుని దిగిన మా నాయన.

సరుకు బాగుంది. చీరలు చూపించిన ఆవిడ చేత ముప్పై చీరలు విప్పించినా మొహం చిట్లించలేదు, పైగా అక్క ముచ్చటపడిన ఒకదాన్ని "ఇది కుచ్చిళ్లు నిలవదు అక్కా, వద్దు" అని తనే పక్కన పడేసింది. రేటు కొంచెం ఎక్కువే. కారులో మాత్రం పోకండి, ఆటోనే నయం.

అసలు కథంతా బిల్లు కౌంటర్ దగ్గర.

అక్క బిల్లు 18,640. అమెరికా క్రెడిట్ కార్డు ఇచ్చింది. కౌంటర్ పిల్లోడు మిషన్లో పెట్టాడు, పిన్ అడగకుండానే స్లిప్పు బయటికొచ్చేసింది. "పిన్ అడగలేదు మేడమ్, ఫెయిలైనట్టుంది, ఇంకోసారి పెడతా" అని మళ్లీ కార్డు దూర్చబోయాడు. ఆగు బాబూ అని స్లిప్పు లాక్కుని చూస్తే అప్రూవ్డ్ అని శుభ్రంగా ఉంది, కింద సంతకానికి గీత కూడా ఉంది. ఇంకో నిమిషం ఆలస్యమైతే పద్దెనిమిది వేలు రెండుసార్లు పోయేవి. అక్కడి క్రెడిట్ కార్డులు చాలావాటికి షాపులో కొట్టే పిన్ ఉండదు, పిన్ అడగాలా సంతకం అడగాలా అనేది చిప్‌లో ఉన్నదాన్ని బట్టి మిషనే చూసుకుంటుంది. ఊరంతా యాత్రికులు తిరిగే తిరుపతిలో, విదేశీ కార్డు వస్తే ఏం చెయ్యాలో కౌంటర్లో కూర్చునే పిల్లోడికి చెప్పి పెట్టొద్దా?

సంతకం సరే, పెన్నేదీ? కౌంటర్లో లేదు. జాకెట్లు కొలిచే మేస్త్రీ చెవి మీది పెన్సిల్ తీసి ఇచ్చాడు, పెన్సిల్‌తో సంతకమేంటని అక్క నవ్వింది, చివరికి చెప్పుల టోకెన్లు రాసే వాచ్‌మన్ దగ్గర పెన్ను దొరికింది. అక్క ఏదో కోడిగీత గీసి ఇచ్చింది. అమెరికాలో చిప్ మిషన్లున్న షాపులు సంతకం తీసుకోవాల్సిన పని లేదని పెద్ద కార్డు కంపెనీలు 2018 ఏప్రిల్‌లోనే వదిలేశాయి, తనకీ ఆ అలవాటు పోయిందంట. విశేషమేంటంటే కార్డు వెనక తెల్లపట్టీ మీద అసలు సంతకమే లేదు, ఎవరూ తిప్పి చూడలేదు కూడా. ఆ కార్డు ఏ దొంగ తెచ్చినా ఇంతే కదా అనిపించింది.

తర్వాత నాయన వంతు. పంచెలు 2,350, డెబిట్ కార్డు. మిషన్ వైరు బల్ల కింద ఎక్కడో కట్టేసి ఉంది, ఇవతలికి రాదు. పిల్లోడు కార్డు పెట్టి, వేలు బటన్ల మీద ఉంచి, "పిన్ చెప్పు తాతా" అన్నాడు.

మా నాయనకి కొంచెం చెవుడు. "ఏందిరా?" "పిన్ను తాతా, పిన్ను!" అంతే, నేను బల్ల చుట్టూ తిరిగి వచ్చేలోపు నాలుగంకెలూ గట్టిగా చెప్పేశాడు, వెనక లైన్లో పదిహేను మంది వినేట్టు. పైగా అది ఆయన రిటైరైన సంవత్సరం, ఒకసారి వింటే ఎవరైనా మర్చిపోతారా!

నాయనకి పిన్ అంటే ఇష్టం, దానికో కారణం ఉంది. 2013 డిసెంబర్ 1కి ముందు డెబిట్ కార్డు గీకితే చాలా చోట్ల సంతకమే, ఆయన చెయ్యి అప్పటికే వణికేది. చిత్తూరులో ఒకసారి కార్డు వెనక సంతకంతో కలవలేదని మూడుసార్లు పెట్టించారు, నలుగురిలో దొంగని చూసినట్టు చూశారు. రిజర్వ్ బ్యాంక్ డెబిట్ కార్డుకి పిన్ తప్పనిసరి చేశాక "అంకెలకి చెయ్యి వణికినా పర్లేదురా" అనేవాడు. నిజమే, సంతకాన్ని పోల్చేది కౌంటర్ మనిషి కన్ను, పిన్‌ను సరిచూసేది బ్యాంకు. మిషన్లో కొట్టిన పిన్‌కి అక్కడికక్కడే తాళం పడి బ్యాంకుకి పోతుంది, షాపు యజమానికి కూడా కనపడదు. అంత పకడ్బందీగా చేసింది ముసలాయన చేత నోటితో అరిపించడానికా?

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. 2017 జూలైలో రిజర్వ్ బ్యాంక్ పెట్టిన రూల్ ప్రకారం మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా మూడోవాడి మోసం వల్ల దుడ్లు పోతే, మూడు పనిదినాల్లో బ్యాంకుకి చెప్తే మనకి నష్టం ఉండదు. కానీ పిన్ లాంటివి మనమే ఎవరికో చెప్పి పోగొట్టుకుంటే, బ్యాంకుకి ఫిర్యాదు చేసేదాకా పోయిందంతా మన నెత్తినే. అంటే "పిన్ చెప్పు తాతా" అన్న ఒక్క మాటతో షాపు తన బద్ధకాన్ని నాయన ఖాతాలో వేసేసింది. వైరు ఒక గజం పొడుగు తెచ్చుకుంటే పోయేదానికి!

ఆ 2,350కి పిన్ అవసరమే లేదసలు. 2021 జనవరి నుంచి అయిదు వేల దాకా ట్యాప్ చేస్తే, అంటే కార్డు మిషన్‌కి ఆనిస్తే చాలు, అంతకుముందు రెండు వేలు ఉండేది. నాయన కార్డులో ట్యాప్ ఆన్ చేసి లేదు, అది మా పొరపాటు. బ్యాంకు యాప్‌లో అర నిమిషం పని, ఇంట్లో పెద్దవాళ్ల కార్డులుంటే చూసుకోండి.

మేనేజర్‌ని పిలిచి అడిగితే "రష్ కదా సార్, అందరూ చెప్తారు" అన్నాడు. అందరూ చెప్తారంట!

బయటికొచ్చి నేరుగా ఏటీఎంకి పోయి పిన్ మార్పించాం. నాయన లోపలికెళ్లి, తలుపు పట్టుకుని, "కొత్తది ఏం పెట్టేది, అమ్మ పుట్టిన సంవత్సరమా?" అని వీధిలోకి అరిచాడు.

చీరలకైతే మళ్లీ పోతాను. వెళ్లేవాళ్లు బిల్లు పైఅంతస్తులో కట్టండి, అక్కడ వైరు లేని మిషన్ ఉంది, చేతికి ఇస్తారు. పెన్ను మాత్రం మీదే తీసుకుపోండి.