బొబ్బిలి వీణ చేయించుకున్నాను, పేరు కూడా చెక్కించాను (నాది కాదు, చేసినాయనది)

బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లి వెళ్లి చేయించుకున్న వీణ గురించి రాద్దామని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను. ఎనిమిది నెలలు వాయించాక రాస్తున్నాను కాబట్టి ఇది కొత్త మోజు కాదు. ధర, నాదం, బిరడలు (తీగలు బిగించే మరలు) అన్నీ చెప్తాను కానీ ముందు నా పాత వీణ సంగతి చెప్పాలి, లేకపోతే హైదరాబాద్‌లో ఇన్ని షాపులు పెట్టుకుని అంత దూరం ఎందుకు పోయానో మీకు అర్థం కాదు.

పాతది పదకొండేళ్ల కింద సిటీలోనే ఒక వాయిద్యాల షాపులో కొన్నాం. షాపు పేరు రాయను. పై పలక మీద, గుర్రానికి (తీగలు ఆనే చిన్న వంతెన) జానెడు దూరంలో, నల్లటి అక్రిలిక్ ప్లేటొకటి రెండు చిన్న స్క్రూలతో బిగించి ఉండేది, దాని మీద బంగారు రంగు అక్షరాల్లో షాపు పేరు, కింద రెండు ఫోన్ నంబర్లు. తీసేయండి అంటే "అది కంపెనీ గ్యారంటీ మేడమ్, తీస్తే గ్యారంటీ పోతుంది" అన్నారు. వీణకి కంపెనీ ఏంటో గ్యారంటీ ఏంటో అప్పుడు నాకు తట్టలేదు. అమ్మ మాత్రం "సరస్వతీదేవి ఒళ్లో వీణకి ఫోన్ నంబరేంటే" అని ఒక మాట అని ఊరుకుంది.

నాలుగేళ్లకి మంద్రం తీగ (లోతుగా మోగేది) మీటినప్పుడల్లా జుయ్‌మని ఒక చప్పుడు మొదలైంది. గుర్రం మీది రేకు అరిగిందేమో అనుకున్నాను, మెట్ల (తీగ నొక్కే అడ్డ కడ్డీలు) కింద మైనం కదిలిందేమో అనుకున్నాను, తీగలు మార్చాను, మొత్తం 24 మెట్లూ పీకించి మళ్లీ మేళం కట్టించాను (అంటే మెట్లని శ్రుతికి సరిగ్గా మైనంలో అమర్చడం), అయినా పోలేదు. రెండేళ్లు అలాగే వాయించాను, కచేరీలు చేసేదాన్ని కాదు కాబట్టి సరిపోయింది. చివరికి మేళం కట్టిన పెద్దాయనే ఇంకేదో పని మీద ఇంటికొచ్చి, నేను వాయిస్తుంటే విని, లేచి వచ్చి ఆ ప్లేటు మీద బొటనవేలు నొక్కిపెట్టి "ఇప్పుడు మీటండమ్మా" అన్నారు. చప్పుడు లేదు. వేలు తీశారు, జుయ్. స్క్రూ లూజయ్యింది, అంతే! షాపు వాళ్ల అడ్వర్టైజ్‌మెంటు నా మంద్రంలో రెండేళ్లు మోగింది.

ప్లేటు ఊడదీసేశాం, దాని గుర్తుగా రెండు చిల్లులు మిగిలాయి. అప్పుడు ఆయన అడిగారు, ఇది ఎవరు చేసిందమ్మా అని. నేను షాపు పేరు చెప్పాను. "వాళ్లు అమ్మారు, చేసిందెవరు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆయన వీణ తిరగేసి కుండకీ (గుండ్రటి భాగం) దండికీ (పొడుగాటి మెడ) మధ్య గోటితో గీసి, పాలిష్ కింద దాక్కున్న అతుకు చూపించారు. మాకు ఏకాండి అని చెప్పి అమ్మారు, అంటే ఒకే దుంగ నుంచి కుండా దండీ కలిపి తొలిచింది అని. అతుకు వీణ అయినంత మాత్రాన చెడ్డదేమీ కాదు, కుండ వేరుగా దండి వేరుగా చేసి అతికిన మంచి వీణలు బోలెడున్నాయి, నా గొడవ అది కాదు. అది ఎవరి చేతిపనో తెలిస్తే ఫోన్ చేసి "అయ్యా ఇది ఏకాండియా కాదా" అని అడిగేదాన్ని కదా. షాపుకి ఫోన్ చేస్తే ఒకసారి తంజావూరు సరుకు అన్నారు, ఇంకోసారి బెంగళూరు నుంచి తెప్పించాం అన్నారు. రెండు నంబర్లున్నాయి కాబట్టి రెండు జవాబులు.

సరే, పేరుంటే మాత్రం అన్నీ తేలిపోతాయా అంటే, దానికి మా తమ్ముడి వయొలిన్ ఉంది. ఆరు వేలు పెట్టి కొన్నాడు. పై పలక మీదుండే 'ఎఫ్' ఆకారం చిల్లులోకి ఫోన్ టార్చి వేసి చూస్తే లోపల పసుపు కాగితం ముక్క, దాని మీద లాటిన్‌లో ఆంటోనియస్ స్ట్రాడివేరియస్, క్రిమోనా, ఫలానా సంవత్సరంలో చేసెను అని అచ్చు. వాడు ఒక రాత్రంతా నిద్రపోలేదు పాపం! స్ట్రాడివరీ (లాటిన్‌లో స్ట్రాడివేరియస్) అంటే ఇటలీలో క్రిమోనా ఊళ్లో వయొలిన్లు చేసిన మహా ప్రసిద్ధుడు, ఆయన పోయింది 1737లో. ఆయన చేసిన వాటిలో ఇప్పటికి మిగిలినవి దాదాపు 650 అంటారు, వాటిలో లేడీ బ్లంట్ అనే వయొలిన్ 2011లో జపాన్ భూకంప బాధితుల కోసం వేలం వేస్తే 98 లక్షల పౌండ్లు పలికింది. మరి ఆరు వేల వయొలిన్‌లో ఆయన పేరెందుకుంది అంటే, 19వ శతాబ్దంలో జర్మనీలో మార్క్‌నోయ్‌కిర్షెన్, దాని పక్కనే బొహీమియాలో షోన్‌బాఖ్ లాంటి ఊళ్లలో వయొలిన్లు వేలకు వేలు తయారయ్యేవి, ఇది స్ట్రాడివరీ కొలతల్లో చేసింది అని చెప్పడానికి ఆ కాగితం అంటించేవాళ్లు. అప్పట్లో కొనేవాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలుసు. వాళ్ల మనవలకి తెలియదు, అటక మీద దొరికితే కోటీశ్వరులం అయిపోయాం అనుకుంటారు. అమెరికా 1890లో దిగుమతి సరుకు మీద ఏ దేశంలో తయారైందో రాసి తీరాలని చట్టం తెచ్చాక ఇంకా తమాషా, అదే కాగితం మీద పైన స్ట్రాడివరీ పేరు, కింద మేడ్ ఇన్ జర్మనీ! అందుకే తెలిసినవాళ్లు కాగితం చూసి నమ్మరు, చెక్క, వార్నిష్, చిల్లుల కోత చూసి చెప్తారు.

కాగితం అబద్ధమైనా దాన్ని పెట్టిన చోటు మాత్రం నాకు నచ్చింది. లోపల ఉంది. వినేవాళ్లకి కనబడదు, నాదానికి అడ్డం రాదు, కావాలనుకున్నవాడు టార్చి వేసుకుని చూసుకుంటాడు. పియానోలు, డ్రమ్ముల సంగతి వేరు, అక్కడ పేరు జనం కోసమే. స్టైన్‌వే పియానోకి ప్రేక్షకుల వైపు పెద్ద అక్షరాలుంటాయి. బీటిల్స్ బృందం డ్రమ్మర్ రింగో స్టార్ డ్రమ్ము మీద లుడ్విగ్ పేరు 1964 ఫిబ్రవరి 9న టీవీలో ఎడ్ సల్లివన్ షోలో ఏడు కోట్ల పైచిలుకు అమెరికన్లు చూశారు, తర్వాత ఆ కంపెనీ డ్రమ్ములు చేసి అందించలేక సతమతమైంది. మన పెళ్లిళ్లలో కీబోర్డు వెనక వైపు యమహా, రోలాండ్, కోర్గ్ అని కనబడేదీ అందుకే, వాయించేవాడికి వెనక వైపుతో ఏం పని. వాటితో నాకు పేచీ లేదు. అక్కడ పేరున్నవాడే చేసినవాడు కూడా. నా అక్రిలిక్ ప్లేటు మీద ఉన్నది అమ్మినవాడి పేరు, గొడవంతా అక్కడే.

ఇక గొల్లపల్లి. బొబ్బిలి అనగానే అందరికీ 1757 యుద్ధమే గుర్తొస్తుంది. ఊరి పక్కనే ఉన్న ఈ గొల్లపల్లిలో మాత్రం తరాలుగా వీణలు చేస్తున్నారు, ఎక్కువమంది సర్వసిద్ధి ఇంటిపేరు వాళ్లు. విజయనగరం నుంచి బస్సులో బొబ్బిలి, అక్కడి నుంచి ఆటో. ముందు కళ్లబడేవి బొమ్మ వీణలు, సన్మానాలకి శాలువాతో పాటు చేతిలో పెడతారే, గాజు పెట్టెలో, అవి. నేను వెళ్లిన రోజు పెద్ద వీణ ఒక్కటే చేతిలో ఉంది, బొమ్మ వీణలు ముప్పై దాకా ఆరబెట్టి ఉన్నాయి. పెట్టెల మీద బొబ్బిలి వీణ అని ఉంది. చేసినవాళ్ల పేరు వాటి మీదా లేదు.

బొబ్బిలి వీణకి జిఐ, అంటే భౌగోళిక గుర్తింపు ఉంది. మంచిదే, ఎక్కడో చేసిన దాన్ని బొబ్బిలి వీణ అని అమ్మకూడదు. కానీ జిఐ కాపాడేది ఊరి పేరునే. ఆ ఊళ్లో ఎవరి ఉలి పడిందో అది చెప్పదు.

నాకు వీణ చేసిన ఆయనకి అరవై దాటి ఉంటాయి. పనస దుంగ చూపించారు, సగం తొలిచి ఉంది, లోపల పసుప్పచ్చగా ఉంది, చెయ్యి పెడితే ఇంకా కాస్త చల్లగానే తగిలింది. ఇదింకా ఆరాలి, తొందరపడితే తర్వాత పగులుతుంది అన్నారు. బాబాయ్ గారూ, దీని మీద మీ పేరు చెక్కుతారా అని అడిగాను. ఆయన నేనేదో అడక్కూడనిది అడిగినట్టు చూశారు.

"పేరెట్టి ఏటి సేస్తామమ్మా. పేరున్నది కొట్టోళ్లు ఒద్దంటారు. ఆళ్ల బిళ్ల ఏసుకోడానికి సోటుండాల కదా."

నా పాత వీణ కథంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. ప్లేటు పెట్టడానికి చోటు కావాలి కాబట్టి చేసినవాడి పేరు ఉండకూడదు! తర్వాత ఆయన ఇంకో మాట కూడా అన్నారు, దానికి నాకు ఇప్పటికీ సరైన జవాబు దొరకలేదు. దుంగ తొలిచేది ఒకరు, దండి చివర యాళి (సింహం లాంటి వింత జంతువు) ముఖం చెక్కేది ఇంకొకరు, పాలిష్ ఒకరు, మేళం కట్టేది మరొకరు, ఇందులో ఎవరి పేరు వేస్తాం అన్నారు. నిజమే కదా. స్ట్రాడివరీ దగ్గరా కొడుకులు పనిచేశారు, కాగితం మీద మాత్రం ఆయన పేరే. మృదంగం వైపు చూస్తే ఇంకా అన్యాయం, పాల్ఘాట్ మణి అయ్యర్ పేరు తెలియని సంగీతప్రియులు ఉండరు, ఆయనకి మృదంగాలు చేసిచ్చిన తంజావూరు పర్లాందు పేరు ఎంతమందికి తెలుసు? మణి అయ్యర్ ఆ చేతులనే నమ్ముకున్నారు, మనకి ఆ చేతులు ఎవరివో తెలియదు.

చివరికి ఒప్పుకున్నదేంటంటే, కుండ అడుగున, నేలకి ఆనే చోటికి కాస్త పైన, ఇంటిపేరు, ఊరు, సంవత్సరం. తన పేరు ఒద్దన్నారు. నేను పట్టుబడితే మొదటి అక్షరం ఒక్కటి వేశారు. తెలుగులోనే, పొడి అక్షరాలు, ఉలితో. ఇంగ్లీషులో వేయమంటారా అని ఒకసారి అడిగి, నేను ఒద్దు అనగానే ఆయన ముఖం తేలికపడింది.

ఇప్పుడు వీణ సంగతి. మేళంతో కలిపి 38,000, పెట్టె విడిగా 6,000. 10,000 అడ్వాన్స్ ఇచ్చాను. నలభై అయిదు రోజులన్నారు, మూడు నెలలు పట్టింది, వానలకి దుంగ ఆరలేదట. ఆలస్యం నాకు కష్టంగా లేదు, ఎప్పుడు ఫోన్ చేసినా "అయిపోయిందమ్మా, వచ్చే వారం" అనడమే కష్టంగా ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్తే సరిపోయేది.

నాదం మాత్రం, ఏం చెప్పను, సారణి (మొదటి తీగ) మీద ఒక్క మీటు మీటి చెయ్యి తీసేస్తే గది చివరిదాకా వెళ్లి తీరిగ్గా వెనక్కొచ్చినట్టుంటుంది. పాత వీణలో గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) సగంలోనే శబ్దం చచ్చిపోయేది, అందుకని రెండుసార్లు మీటే అలవాటు పడింది నాకు, ఇప్పుడు ఆ అలవాటు మాన్పించుకోవడానికి అవస్థ పడుతున్నాను. మంద్రం, దానికంటే లోతుగా మోగే అనుమంద్రం శుభ్రంగా ఉన్నాయి. జుయ్ లేదు, ఉండటానికి ప్లేటు ఉంటే కదా.

లోపాలు లేవని కాదు. పై స్థాయిలో రెండు మెట్లు శ్రుతి తగ్గి ఉన్నాయి, ఇక్కడికి వచ్చాక మన పెద్దాయనే మైనం వేడిచేసి సర్దారు. ప్రయాణంలో కదిలాయేమో కూడా, ఆ నింద మొత్తం చేసినాయన మీద వేయలేను. హైదరాబాద్ ఎండాకాలానికి బిరడలు జారుతున్నాయి, సుద్దపొడి రాస్తే నిలబడుతున్నాయి. పాలిష్ నాకు మరీ మందంగా అనిపించింది, నెల రోజులు గది గదంతా వాసన. పెట్టె కీలు నాసిరకం, ఆరు వేలకి అది న్యాయం కాదు. బరువు కూడా ఎక్కువే, మెట్లెక్కి మేడ మీదికి తీసుకెళ్లాలంటే మా ఆయన్ని పిలవాల్సిందే.

అయిదుకి నాలుగు ఇస్తాను. ఆ పోయిన ఒకటి పెట్టెకీ "వచ్చే వారం"కీ.

వెళ్లాలనుకునేవాళ్లకి రెండు మాటలు. తయారుగా ఉన్న పెద్ద వీణ దొరుకుతుందని వెళ్లకండి, ముందే ఎవరినో కనుక్కుని, దుంగ ఎప్పుడు కొట్టిందో అడిగి, ఎండాకాలంలో చెప్పుకుంటే మేలు. తీసుకునేటప్పుడు వాయించడం వచ్చినవాళ్లని వెంట తీసుకెళ్లండి, అక్కడే అన్ని మెట్లూ మీటి చూసుకోండి. పేరు చెక్కించుకోవాలంటే మాత్రం పాలిష్‌కి ముందే చెప్పాలి. నేను ఆలస్యంగా అడిగాను, ఒక పూత అప్పటికే పడింది, చెక్కాక మళ్లీ ఇంకో పూత వేస్తే అక్షరాలు సగం పూడిపోయాయి. సంవత్సరం స్పష్టంగా కనబడుతుంది, ఊరు పేరు వేలితో తడిమితే తెలుస్తుంది, ఆ ఒక్క అక్షరం చూడాలంటే టార్చి కావాలి.