ఎంజీబీ వైర్ వీల్స్: ఆటోనగర్ లేత్ మీద తీరిన వణుకు

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ ఇంజన్, గేర్ల సంగతి దాని మీద మోజున్న వాళ్లందరికీ తెలిసిందే. ఏళ్ల తరబడి విజయవాడలో ఈ బండి నడిపాక నేను చెప్పాలనుకునేది దాని స్పోక్ చక్రాల గురించే. ఆ చక్రాలంటే నాకు ప్రాణం. నన్ను ఏడిపించినవీ అవే.

వారధి దాటి మంగళగిరి వైపు హైవే ఎక్కగానే మొదలయ్యేది. మీటరు మైళ్లలో ఉంటుంది. 50 దగ్గర స్టీరింగ్ వణకడం మొదలై 55కి ముదిరేది, అంటే మన లెక్కలో 80-90 కిలోమీటర్లు. 60 దాటితే తగ్గేది. ఇలా ఒక వేగంలో వచ్చి, అది దాటాక పోయే వణుకు ఎక్కువగా చక్రాలదే. చేతుల్లోకి వస్తే ముందు చక్రాలు చూడాలి, సీటు కింద తెలిస్తే వెనక చక్రాలో, ఇంజన్ శక్తిని వెనక్కి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టో చూడాలి. నాది చేతుల్లోకే వచ్చేది.

ఒక వర్క్‌షాప్‌లో వెంటనే టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే కీళ్లు) మార్చేశారు. తేడా లేదు. ఇంకోచోట కింగ్‌పిన్లు (ముందు చక్రాలు పక్కకు తిరిగే ఇరుసులు) పోయాయన్నారు. అది పెద్ద ఖర్చు, సామాను బయటి దేశం నుంచి రావాలి. అందుకే ముందు పరీక్ష చేయమని పట్టుబట్టాను. జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. ప్లే, అంటే వదులు, తెలిస్తే ఒకరిని బ్రేక్ తొక్కమనాలి. తొక్కగానే ప్లే పోతే బేరింగ్, పోకపోతే కింగ్‌పిన్. నా బండికి ప్లే పోయింది, అంటే బేరింగే. షిమ్‌లు (పల్చని రేకు వాషర్లు) సర్ది బేరింగ్ సరిచేశాక వణుకు కొంత తగ్గింది, అంతే.

బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమం చేయడం) అప్పటికే అయింది, మెషీన్ సున్నా చూపించింది. అనుమానం తీరక అదే చక్రాన్ని మెషీన్ నుంచి విప్పి, కొంచెం తిప్పి మళ్లీ బిగించమన్నాను. ఈసారి ఇంకో చోట ఇంకో బరువు అడిగింది. మళ్లీ విప్పి బిగిస్తే మరో లెక్క. రోగం దొరికింది!

మామూలు చక్రాన్ని మెషీన్ ఒక పక్క నుంచి కోన్‌తో పట్టుకుంటే చాలు. వైర్ వీల్‌కి అది కుదరదు. హబ్ (చక్రం ఎక్కే ఇరుసు భాగం) మీది పళ్లలాంటి స్ప్లైన్లు చక్రాన్ని తిప్పుతాయి, ఆపుతాయి, అంతవరకే. దాన్ని సెంటర్‌లో నిలిపేవి రెండు ఏటవాలు అంచులు: లోపల హబ్ మీద ఒకటి, బయట పెద్ద నట్టు మీద ఒకటి. రెండింటి మధ్యా బిగిస్తేనే చక్రం సరిగ్గా కూర్చుంటుంది.

హబ్, నట్టు పట్టుకుని ఆటోనగర్‌లో లారీ సామానుకు లేత్ పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. వేళ్లతో ఆ వాలు తడిమి చూసి, "ఒక పక్క పట్టుకుంటే ఇది నిలబడదు బాబూ, రెండు వైపులా కోన్ కావాలి. మెషీన్ షాఫ్టు కొలత పట్రా" అన్నాడు. "ఇనుముతో అవుతుందా బాబాయ్?" అంటే, "అవుతుంది, తొందరపెట్టకు" అన్నాడు. మర్నాటికి రెండు కోన్లు చేసిచ్చాడు. పని ఎంత శుభ్రంగా ఉందో! వాటితో బిగిస్తే ఎన్నిసార్లు విప్పి పెట్టినా అదే చోటు, అదే బరువు. దానికి ముందే ఒక చక్రం పక్కకు ఊగుతోందని డయల్ గేజ్‌లో తేలితే స్పోకులు లాగించి అవుట్ తీయించాం. అవుట్ ఉన్న చక్రానికి ఎంత సీసం బరువు కొట్టినా దండగ.

కాజ టోల్ దాకా వెళ్లొచ్చాను. 55 మీద స్టీరింగ్ నిశ్చలం. నా ఆనందం చెప్పలేను.

అయితే 65 పైన సీటు కింద సన్నని అదురు ఇంకా ఉంది, ప్రొపెల్లర్ షాఫ్టు చివరి యూనివర్సల్ జాయింట్ విప్పి చూడాలి. ఈ చక్రాలకు ట్యూబులు తప్పవు, స్ప్లైన్లకు గ్రీజు పెడుతూ ఉండాలి, వానాకాలంలో స్పోకులు తుడవడమే ఒక పని. నేను ఆదివారాలు మాత్రమే తీస్తాను, ఆటోనగర్ ఇంటికి దగ్గర, కాబట్టి నాకు సరిపోతుంది. రోజూ గుంటూరు వెళ్లొచ్చే వాళ్లయితే స్టీల్ చక్రాల బండే వెతుక్కోండి. వైర్ వీల్స్ బండి కొన్నాక మార్చాలంటే హబ్‌లూ మార్చాల్సి వస్తుంది.