కరనివా, ఇజోనా?

జపనీస్‌లో ‘కరనివ’, ‘ఇజో’ రెండూ ‘ఇలా అయ్యాక ఇక’ అని చెప్పే మాటలు. ఉత్త ‘కర’ (కాబట్టి) కారణం చెప్పి ఊరుకుంటుంది. ‘కరనివ’ అయితే వెనకే పట్టుదల రావాలి. ‘నిహొన్ ని కిత కరనివ, ఫుజిసన్ ని నొబొరితై’: జపాన్ దాకా వచ్చాక ఫుజి ఎక్కాలనుంది. మన ‘దిగాక తప్పుతుందా’ అన్న ఊపే ఇది. అందుకే నాకిదంటే ప్రాణం.

‘ఇజో’ కాస్త గంభీరం. రాతలో, ఆఫీసు మాటల్లో బాగా నప్పుతుంది. ‘యకుసొకు షిత ఇజో, మమొరనకెరెబ నరనై’: మాటిచ్చాక నిలబెట్టుకోవాల్సిందే. ఇక్కడ కోరిక కన్నా బాధ్యత బరువెక్కువ.

నామవాచకం వస్తే రెండింటికీ ముందు ‘దె అరు’ (అయి ఉండడం) కావాలి: ‘గకుసే దె అరు ఇజో’, అంటే విద్యార్థివి అయ్యాక. నేను చాలాకాలం ఇది మర్చిపోయేదాన్ని. ‘వర్షం పడింది కాబట్టి తడిశాను’ లాంటి మామూలు సంగతికి రెండూ పనికిరావు.

ముందు కరనివ నేర్చుకోండి, నోటికి త్వరగా పడుతుంది.