జ్యామితి ట్యూషన్: హోంవర్క్‌కు మంచి మార్కులు, పరీక్షలకు బొటాబొటి మార్కులు

అమలాపురంలో ఎనిమిది నుంచి పదో తరగతి వరకు పిల్లలకు జ్యామితి మాత్రమే విడిగా చెప్పే సాయంత్రపు ట్యూషన్‌లో మా అమ్మాయి తొమ్మిదో తరగతి నుంచి చదువుతోంది. లెక్కల్లో ఒక్క భాగానికి వేరే ఫీజు ఎందుకని ఇంట్లో పెద్దవాళ్లు మొదట్లో గొణిగారు. ఏడాదికి పైగా గమనించాక నా అభిప్రాయం చెబుతున్నాను. హోంవర్క్ ఇచ్చే తీరుకు, పిల్లలను బయటికి తీసుకెళ్లి కొలిపించే తీరుకు ఆ ఫీజు గిట్టుబాటవుతుంది. పరీక్షలు పెట్టే తీరు మాత్రం ఆ రెండింటికీ తగినట్టు లేదు.

గైడులోని లెక్కలను నోట్సులోకి ఎక్కించుకురమ్మనే అలవాటు ఇక్కడ లేదు. వారానికి ఒకటే లెక్క ఇస్తారు, అది చాలాసార్లు పొలం గట్టు మీదో కొబ్బరితోటలోనో మొదలవుతుంది. నాకు బాగా నచ్చింది స్థలం కొలత లెక్క. నాలుగు భుజాలు వరుసగా 30, 40, 14, 48 గజాలున్న స్థలం అమ్మకానికి వచ్చింది. ఎదురెదురు భుజాల సగటు తీసి, ఆ రెండు సగటులను గుణించి సెంట్లు కట్టే పాత పద్ధతిలో 22ను 44తో గుణిస్తే 968 చదరపు గజాలు, అంటే సెంటుకు 48.4 గజాల చొప్పున సరిగ్గా 20 సెంట్లు వస్తుంది. 30, 40 గజాల భుజాలకు ఎదురుగా పడే కర్ణం పొడవు 50 గజాలని చెప్పి, ఈ 20 సెంట్లు నిజమేనా అని అడిగారు. కర్ణం స్థలాన్ని రెండు త్రిభుజాలుగా చీలుస్తుంది: ఒకదాని భుజాలు 30, 40, 50, రెండోదాని భుజాలు 14, 48, 50. రెండూ లంబకోణ త్రిభుజాలే కాబట్టి వైశాల్యాలు 600, 336. మొత్తం 936 చదరపు గజాలు. కొనేవాడు 32 గజాల లేని నేలకు, అంటే సెంటులో దాదాపు మూడింట రెండు వంతులకు డబ్బు కడుతున్నాడన్నమాట. కోనసీమలో సెంటు ధర తెలిసినవారికి దీని బరువు వేరే చెప్పనక్కర్లేదు.

లెక్క అక్కడితో ఆగలేదు. ఆ పాత పద్ధతి ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుందా, ఒక్కోసారి తక్కువ కూడా చూపిస్తుందా అన్నది రుజువు చేసుకురమ్మన్నారు. రెండు భుజాల పొడవులు మారకుండా ఉంటే వాటి మధ్య లంబకోణం ఉన్నప్పుడే త్రిభుజ వైశాల్యం అత్యధికమవుతుందన్న ఒక్క సంగతిని పట్టుకుని, దీర్ఘచతురస్రానికి తప్ప అది ప్రతిసారీ ఎక్కువే చూపిస్తుందని మా అమ్మాయి తేల్చింది. అప్పటిదాకా ఫీజు గురించి గొణిగిన వాళ్ల తాతగారు బీరువాలోంచి పాత దస్తావేజులు తీసి ముందు పెట్టుకున్నారు.

చెట్టు ఎత్తు కొలిచే హోంవర్క్ కూడా ఇలాంటిదే. కోణమానినికి దారంతో ఒక ఇనుప నట్టు వేలాడదీసి, పైన కూల్‌డ్రింకు స్ట్రా అతికించి క్లైనోమీటరు చేసుకున్నారు. చెట్టు కొన వైపు ఊర్ధ్వకోణం 45 డిగ్రీలు చూపేవరకు వెనక్కి నడిచి, చెట్టు దాకా ఉన్న దూరానికి కంటి ఎత్తు కలిపితే సరిపోతుందని పుస్తకం చెబుతుంది. అయితే మన కాలువ గట్ల మీది కొబ్బరిచెట్లు నీటి వైపు వాలి ఉంటాయి. మొదలు దాకా కొలిచిన దూరం అక్కడ పనికిరాదు. కొన నుంచి లంబం ఎక్కడ పడుతుందో పిల్లలే గుర్తించి, దూరాన్ని అక్కడి దాకా కొలవాలని చెప్పాక గాని మాస్టారు ఆ లెక్కకు టిక్కు పెట్టలేదు. ఎన్‌సీఈఆర్టీ పదో తరగతి పుస్తకం నుంచి నిర్మాణాల అధ్యాయాన్ని తీసేశాక చాలామంది పిల్లల వృత్తలేఖిని పెట్టెలోంచి బయటికే రావడం లేదు. ఇక్కడ మాత్రం బయటి బిందువు నుంచి వృత్తానికి స్పర్శరేఖలను ఇప్పటికీ గీయించడం నాకు సంతోషం కలిగించింది.

బయటి ప్రయాణాల్లో పి.గన్నవరం అక్విడక్టుకు తీసుకెళ్లినది అన్నిటికన్నా మేలు. గోదావరి వైనతేయ పాయ మీదుగా కాలువ నీటిని దాటించడానికి 1850లలో కట్టిన ఆ పాత కట్టడానికి 49 కమానులున్నాయి. ఒక కమాను అడుగు వెడల్పును జ్యాగా, దాని మధ్య నుంచి పైకి ఉన్న ఎత్తును రెండో కొలతగా తీసుకుని, ఆ చాపం ఏ వ్యాసార్ధం గల వృత్తంలోనిదో పిల్లలు అక్కడే లెక్కకట్టారు. సగం జ్యా, వ్యాసార్ధం, వ్యాసార్ధంలోంచి ఎత్తు తీసేయగా మిగిలినది కలిసి లంబకోణ త్రిభుజమవుతాయని బోర్డు మీద చూసిన పిల్లలకు, ఆ కమాను కింద నిలబడి టేపు పట్టుకున్నప్పుడు అది ఇంకోలా అర్థమవుతుంది.

రాజమహేంద్రవరంలో ఆర్చి వంతెన దగ్గర కూడా మంచి పనే చేయించారు. 97.55 మీటర్ల చొప్పున 28 స్పానులు, అంటే రెండు స్తంభాల మధ్య భాగాలు, ఉన్న ఆ రైలు వంతెనను ఎదురుగా నిలబడి ఫోటో తీసి, తెలిసిన స్పాను పొడవుతో పోల్చి ఆర్చి ఎత్తును నిష్పత్తిలో కనుక్కోమన్నారు. పక్కవాటంగా తీసిన ఫోటోలో సమాధానం ఎందుకు చెడిపోతుందో సరూప త్రిభుజాలతో వివరించారు. ధవళేశ్వరం ప్రయాణం మాత్రం కాటన్ విగ్రహం దగ్గర సెల్ఫీలతో, మ్యూజియంలో ఒక చుట్టుతో ముగిసింది. దానికి జ్యామితి తరగతి పేరు పెట్టనక్కర్లేదు. బస్సు ఖర్చు ఫీజులో కలిసి లేదన్న సంగతి ప్రతిసారీ బయల్దేరే ముందు రోజే చెబుతారు.

ఇక పరీక్షలు. పదో తరగతి పబ్లిక్ పరీక్ష గణితం పేపర్లో 8 మార్కుల ప్రశ్నలు ఐదింటికే 40 మార్కులు కాబట్టి నిరూపణలు రాయడం బాగా అలవాటు చేయించాలన్న వాదన సబబే. కాని శనివారం పరీక్షల పేపర్లు ఎక్కడో అచ్చయి వస్తాయి, వాటితోపాటు వచ్చిన జవాబుల కీ చూసే దిద్దుతారు. బయటి బిందువు నుంచి వృత్తానికి గీసిన రెండు స్పర్శరేఖలు సమానమని త్రిభుజాల సర్వసమానత్వంతో కాకుండా పైథాగరస్ సిద్ధాంతంతో నిరూపించినందుకు మా అమ్మాయికి సగం మార్కులు కోశారు. ఆ నిరూపణ పాఠ్యపుస్తకంలో అదే సిద్ధాంతం కింద, ఇలా కూడా నిరూపించవచ్చన్న మాటతో సహా ఉంది. పుస్తకం తెరిచి చూపిస్తే, కీలో లేనిదానికి మార్కులు వేసే అధికారం తమకు లేదన్నారు. వారమంతా సొంతంగా ఆలోచించమని చెప్పి, శనివారం నాడు అచ్చు జవాబే కావాలంటే పిల్లలు రెండింటిలో దేన్ని నమ్మాలి?

లంకల నుంచి వచ్చే పిల్లలకు ఇంకో ఇబ్బంది ఉంది. గోదావరికి వరదొచ్చి రేవులో పడవలు ఆపేసిన వారం వాళ్లు పరీక్షకు రాలేరు. ఆ పరీక్ష మళ్లీ పెట్టరు, ర్యాంకుల షీట్‌లో సున్నా అలాగే ఉంటుంది. ఆగస్టు వస్తుందని అందరికీ తెలిసిందే కాబట్టి, రెండో తేదీ ఒకటి ముందే పెట్టుకోవడం పెద్ద పనేమీ కాదు.

దసరా సెలవుల తరువాత పదో తరగతి వాళ్లకు బయటి ప్రయాణాలు, ఇలాంటి హోంవర్క్ రెండూ ఆపేసి రివిజన్ మొదలుపెడతారు. అందువల్ల చేర్చదలచినవారు తొమ్మిదో తరగతి జూన్‌లోనే చేర్చడం మంచిది. బస్సు ఖర్చు ఏడాదికి ఎంతవుతుందో, వరద వారం పరీక్ష మళ్లీ పెడతారో లేదో ఫీజు కట్టేముందే రాతపూర్వకంగా అడగండి.